ఫోన్ ఎత్తే లాయరు

మా తెలుగు సంఘం అధ్యక్షుడికి ఫోన్ చేసినప్పుడల్లా ఒక ఆడగొంతు మెయిల్‌బాక్స్ నిండిపోయిందని ఇంగ్లీషులో చెబుతుంది. తరువాత కీచుమని చిన్న మోత, ఆపైన ఏమీ ఉండదు. ఈ ఉదయం కూడా అంతే. ఈమెయిళ్లకు జవాబు రాదు. గుడిలో ఎదురుపడితే ఆయన చెప్పులు వెతుక్కుంటున్నట్టు వంగిపోతాడు. ఇన్నాళ్లూ నన్ను పట్టించుకోలేదు, దానికి అలవాటు పడ్డాను. కానీ నేను అడుగుతున్నది నా ప్రశ్న కాదు. విశాలాక్షి గారు నిండు సభలో అడిగినది. ఆవిడ పోయిన చలికాలంలో కన్నుమూశారు. ఆ కీచు మోత విన్నప్పుడల్లా నాకు ఆవిడ ఫోన్ గుర్తొస్తుంది. రెండోసారి మోగకముందే ఎత్తి, ఒకసారి దగ్గి, "ఆఁ, చెప్పండి" అనేవారు.

ఆవిడ ఇక్కడ కెనడాలో, మా మిస్సిసాగాలో ఇళ్ల కొనుగోళ్లు చూసే లాయరు. కాకినాడ మనిషి. ఒక ప్లాజాలో టైర్ల కొట్టు పక్కన ఆవిడ ఆఫీసు; మాట్లాడుతుంటే మధ్యమధ్య పక్కనుంచి మిషను రొద వచ్చేది. అది ఆగేదాకా ఆవిడా ఆగేవారు, వదిలిన మాట దగ్గరే మళ్లీ మొదలుపెట్టేవారు. నేను మొదటిసారి వెళ్లి ఆంటీ అని పిలిస్తే కళ్లజోడు పైనుంచి చూశారు. "ఇక్కడ ఆంటీ వద్దయ్యా. ఆంటీ అన్నవాళ్లందరూ ఫీజు తగ్గించమంటారు" అన్నారు.

విమానాల నిండా విద్యార్థులు దిగుతున్న రోజులవి. ఇంటి కింది బేస్‌మెంటు ఖాళీగా ఉంటే ఎయిర్‌పోర్టు నుంచి పెట్టెలతో నేరుగా అద్దెకు వచ్చేవారు. మావాళ్లందరూ అదే ధైర్యంతో ఇళ్లు కొన్నారు, నేనూ కొనబోయాను. ఏజెంటు కిరణ్ మా వాట్సాప్ గ్రూపులో అందరికీ తెలిసినవాడు. "అన్నా, కింద ఇద్దరు హైదరాబాద్ పిల్లలు ఆల్రెడీ ఉన్నరు. వాళ్ల రెంట్‌తోనే మార్ట్‌గేజ్ కిస్తీలు నడుస్తయి. లోన్ బ్రోకర్ మనోడే, లాయర్ మనోడే. నువ్వు సంతకం పెట్టు చాలు" అన్నాడు. మా వాళ్లలో ఇదొక పద్ధతి. ఒక్క మనిషిని నమ్మితే మిగతా ఇద్దరూ కట్నకానుకల్లా వెంట వస్తారు. ఇంకో సంగతీ ఉంది. గృహప్రవేశానికి మా అత్తగారు పెట్టించిన ముహూర్తం, ఇల్లు చేతికొచ్చే రోజునే, తెల్లవారుజామున పడింది. నాకు తెలిసిన వేరే లాయరు అంత పొద్దున్నే తాళం ఇప్పించడం కుదరదన్నాడు. కిరణ్ చూపించిన లాయరు మాత్రం నో ప్రాబ్లమ్ అన్నాడట. అన్నాడని కిరణ్ చెప్పాడు. నేను ఆ లాయర్ని చూడలేదు, గొంతయినా వినలేదు.

కొనుగోలు ఒప్పందం మీద సంతకాలయ్యాక ఒక సందేహం పట్టుకుంది. ఆ బేస్‌మెంటు అద్దెకివ్వడానికి సిటీ అనుమతి ఉందా అని. అది ఆ లాయర్ని అడుగుదామని ఫోన్ చేస్తే అసిస్టెంటు ఎత్తి, సార్ మీటింగులో ఉన్నారంది. మర్నాడూ మీటింగే. ఆ వారమంతా నేను చేసిన ఏ ఫోనుకూ ఆయన పలకలేదు. నాకు అవమానం తొందరగా తగులుతుంది, తగిలితే పోదు. ఆ కోపంతోనే విశాలాక్షి గారి మెట్లెక్కాను.

ఆవిడ నా కాగితాలు ముట్టుకోలేదు. ఇంటికి వెళ్లి ఇంకో ఇద్దరు లాయర్లకు ఫోన్ చేసి రమ్మన్నారు. తన దగ్గరికి ఎవరొచ్చినా ముందు అదే చెప్పేవారట. ఎత్తింది లాయరేనా, ప్రశ్న విన్నాడా, జవాబులో తెలియదు అనే మాట ఒక్కసారైనా ఉందా, ఇవి చూసుకుని అప్పుడు రమ్మన్నారు. ఏజెంట్ల ద్వారా వచ్చే పని ఆవిడ తీసుకునేవారు కాదు. నేను ఫోన్లు చేసి, రెండు చోట్లా అసిస్టెంట్లే ఎత్తితే, విసుగుతో, మళ్లీ ఆవిడ దగ్గరికే వచ్చాను.

అప్పుడు కాగితాలు చదివి, ఒక వాక్యం దగ్గర వేలు పెట్టి తెలుగులో చెప్పారు. బేస్‌మెంటు చట్టప్రకారం ఉందని అమ్మేవాడు హామీ ఇవ్వడం లేదని అందులో రాసి ఉంది. కింద నా సంతకం ఉంది.

"తాళి కట్టాక జాతకాలు పట్టుకొచ్చావు" అన్నారు. "ఇంకోటి కూడా విను. బ్యాంకు తరఫున కూడా లాయర్ని నేనే. ఇక్కడ పద్ధతి అది. ఆ రెంట్ నిలబడదని నాకు తెలిస్తే బ్యాంకుకీ చెప్తాను. సరేనంటే కూర్చో, లేకపోతే కిరణ్ మనిషి ఉన్నాడుగా."

"చెప్తే లోన్ పోతుంది కదా మేడమ్. అడ్వాన్సూ పోతుంది."

"పోవచ్చు. ఇప్పుడు పోతే నువ్వొక్కడివే పోతావు. కొన్నాక పోతే కింద ఉన్న ఆ ఇద్దరు పిల్లల్ని కూడా వీధిలో పెడతావు."

పక్కన మిషను మొదలైంది. ఆగింది. నేను లేవలేదు.

సిటీని అడిగితే అనుమతి లేదన్నారు. ఆవిడ అన్నట్టే బ్యాంకుకు చెప్పారు. బ్యాంకు అద్దెను పక్కన పెట్టేసి, ఇంకొకరు పూచీ సంతకం పెడితేనే అప్పు ఇస్తానంది. ఇక్కడికి దగ్గర్లోనే లండన్ అనే ఊళ్లో ఉన్న మా బావమరిది కాళ్లావేళ్లా పడి పెట్టించాను. ఆ సంతకం మాట అతను ఇప్పటికీ మా ఇంట్లో భోజనం చేసినప్పుడల్లా ఎత్తుతాడు. పప్పులో ఉప్పు తగ్గినా అక్కడినుంచే మొదలుపెడతాడు. అదంతా విశాలాక్షి గారి వల్లనేనని చాలాకాలం ఆవిడ మీద కోపంగా ఉండేది. ఒకసారి ఆ మాటే అన్నాను. "ఉండనీ. బావమరిది మాటకి గోడ కూలదు" అన్నారు.

ముహూర్తం కూడా దాటిపోయింది. బ్యాంకు డబ్బు అవతలివాళ్లకు చేరి, ఇల్లు నా పేర రిజిస్టరయితే గానీ తాళంచెవి ఇవ్వరు. అది సాయంత్రమయ్యే పని. తెల్లవారుజామున ఎవరు తెరుస్తారని ఆవిడ మా అత్తగారికే ఫోన్ చేసి, నెమ్మదిగా నచ్చజెప్పారు. వేరే రోజున పాలు పొంగించాం. కింది పిల్లలిద్దర్నీ పై గదుల్లోకి తెచ్చుకున్నాం. బేస్‌మెంటుకు మనిషి బయటపడేంత కిటికీ పెట్టించి, అనుమతి తెచ్చుకునేసరికి ఒక చలికాలం గడిచింది. వాళ్ల వంటవాసనతో, మా పిల్లల ఇంగ్లీషుతో ఇల్లు ఇరుకైపోయింది. ఆ అలసట ఇప్పటికీ ఒంట్లో ఉంది.

మా వెనక వీధిలో ఇంకో తెలుగు కుటుంబంవాళ్లు కిరణ్ ద్వారానే ఇల్లు కొన్నారు, లాయరు కూడా నాకు ఫోనెత్తని ఆ మనిషే. నడి చలికాలంలో సిటీవాళ్లు వచ్చి బేస్‌మెంటు ఖాళీ చేయించారు. మంచులో పెట్టెలు లాక్కుంటూ అక్కడ అద్దెకున్న అమ్మాయిలు బస్టాపు వైపు వెళ్లడం నేను చూశాను. ఇంటాయన గుమ్మంలో నిలబడి లాయరుకు ఫోన్ చేస్తున్నాడు. ఆ నిలబడడం నాకు తెలుసు. ఆ రోజుతో విశాలాక్షి గారి మీద నా కోపం పోయింది. కోపం పోవడం నా జీవితంలో అరుదు.

తరువాత సంఘం వారు కొత్తగా ఇల్లు కొనేవారికోసం ఒక సభ పెట్టారు. భోజనాలు కిరణ్ ఖర్చు, వేదిక మీద ఆ లాయరు. విశాలాక్షి గారు వెనక వరసలోంచి లేచి అడిగారు: "సంఘం పేరు మీద మీరు చూపిస్తున్న ఈ లాయరు ఎవరి మనిషి? కొనేవాడి మనిషా, చూపించినవాడి మనిషా?" అధ్యక్షుడు మైకు సర్దుకుని, బిర్యానీ చల్లారిపోతోంది మేడమ్ అన్నాడు. అందరూ నవ్వారు. ఆవిడ కూర్చున్నారు. భోజనానికి ఉండలేదు. ఆవిడ పోయినప్పుడు సంఘం పెట్టిన సంతాప సందేశంలో భజనలకు క్రమం తప్పకుండా వచ్చేవారని రాశారు. లాయరని కూడా రాయలేదు.

ఆవిడ నుంచి నాకు మిగిలింది ఒక అలవాటు. మా ఇంట్లో అద్దెకుండి, ఇప్పుడు దూరాన సస్కటూన్ ఊళ్లో ఉద్యోగం చేసుకుంటున్న ఆ ఇద్దరు పిల్లలూ తాము కొనబోయే ఇళ్ల గురించి నన్ను అడుగుతారు. లాయర్ని వెతికిపెట్టమంటారు. నేను పేరు చెప్పను. సంతకానికి ముందు మీరే ఫోన్ చెయ్యండి, ఎవరు ఎత్తారో చూడండి అంటాను. వాళ్లు విసుక్కుంటారు. మళ్లీ చెప్తాను.

అధ్యక్షుడు గారూ, వచ్చే నెల అదే సభ మళ్లీ పెడుతున్నారు, వేదిక మీద అదే లాయరు. ఆవిడ అడిగిన ప్రశ్న అక్కడే నిలబడి ఉంది. ఆ లాయరు ఎవరి మనిషి? ఈసారి జవాబు చెప్పండి. నా నంబరు మీ దగ్గర ఉంది. చెయ్యండి, రెండోసారి మోగకముందే ఎత్తుతాను.