మిద్దె మీద నడక

ఎనభైల చివర్లో, పంచాయతీ ఎన్నికలు దగ్గరపడుతున్న రోజుల్లో, నన్ను ప్రొద్దుటూరు నుంచి జమ్మలమడుగు దగ్గరి ఒక సర్కారు ఆసుపత్రికి బదిలీ చేశారు. హోదా సివిల్ అసిస్టెంట్ సర్జన్. పేరు ఘనంగానే ఉంటుంది గానీ, ప్రభుత్వ వైద్యుల్లో అది మొదటి మెట్టు.

మైలవరం వైపు, రెండు వర్గాలుగా చీలి కొట్టుకునే ఒక ఊళ్ళో, ఒక వర్గం నాయకుడి భార్య లక్ష్మీదేవమ్మ. జీపులో వచ్చింది. షుగరు ముదిరి పాదాల్లో స్పర్శ తగ్గుతోంది. వదిలేస్తే కాలికే ముప్పని చెప్పి, మాత్రలతో పాటు రోజూ పొద్దున నడవమన్నాను. తోడుగా వచ్చిన ఓబులమ్మ అదే ఊళ్ళో గొర్రెలు కాచే మనిషి. పనిలో పనిగా తన మోకాళ్ళూ చూపించింది. అరిగిపోయాయి. నడక తగ్గించమన్నాను.

"నేను కూచుంటే గొర్రెలు యాడ మేసేది మేడం?" అంది ఓబులమ్మ. లక్ష్మీదేవమ్మ మందుల చీటీ మడిచి ఆమె చేతికిచ్చి లేచింది. ఇద్దరిలో ఎవరూ నా మాట వినరని అప్పుడే అనుకున్నాను.

లక్ష్మీదేవమ్మ విన్నది. అదే కొంప ముంచింది. కొన్ని వారాలకు ఎస్సై నా గదికి వచ్చి, ఆమెను మిద్దె ఎక్కమన్నది మీరేనా అని అడిగారు. నాకు తలా తోకా అర్థం కాలేదు. ఆయనే విడమరిచి చెప్పారు. పెద్దింటి ఆడది రోడ్డు మీద నడిస్తే పరువు తక్కువ. వాకిలి నిండా ఎప్పుడూ మగవాళ్ళ గుంపు. అందుకని ఆమె తెల్లవారగానే మిద్దె మీద ఆ చివర నుంచి ఈ చివరకు తిరుగుతోంది. ఎదుటి వర్గం అది కావలి అనుకుంది. పోటీగా తమ మిద్దెల మీదికి మనుషులను, రాళ్ళను ఎక్కించింది.

ఆడవాళ్ళ జోలికి పోకూడదన్న కట్టుబాటు రెండు వర్గాలకూ ఉంది కదా, మరి ఆమెను చూసి భయమెందుకు అని అడిగాను.

"అందుకే కదా మేడం. ఆడమనిషిని ఎవురూ ముట్టుకోరని ఆమెనే కావలి పెట్టినారనుకుంటాండారు."

అది షుగరు వైద్యమని నేనే వచ్చి చెబుతానన్నాను. ఎన్నికల ముందు డాక్టరు మాటను కూడా ఏదో ఒక పార్టీ మాటగానే వింటారని ఆయన వారించారు. నడిస్తే ఊరికి ముప్పు, నడవకపోతే కాలికి ముప్పు. ఏం రాయాలో తోచక, ఆమె మందులకని వచ్చిన మనిషితో మాత్రల మోతాదు పెంచి పంపాను. మనసు మాత్రం కుదుటపడలేదు.

తర్వాతి సారీ ఇద్దరూ కలిసే వచ్చారు. ఓబులమ్మ కుంటుతోంది. ఇంట్లోవాళ్ళు మిద్దె దిగమంటే దిగానని చెప్పి, లక్ష్మీదేవమ్మ ఓబులమ్మ మోకాళ్ళ వైపు చెయ్యి చూపింది.

"దీని నడక నాకు, నా కుర్చీ దీనికి ఇప్పియ్ మేడం. నీ చేత అయితాదా?"

ఇద్దరూ నవ్వారు. నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో ఇప్పటికీ తెలియదు.

ఎన్నికలు గొడవ లేకుండా ముగిశాయి. ఆ వానాకాలంలోనే లక్ష్మీదేవమ్మ కాలి బొటనవేలు తీసేయాల్సి వచ్చింది.

పుస్తకం ప్రకారం నేను చెప్పిన వైద్యం సరైనదే. అయినా అప్పటి నుంచి, పులివెందులలో రిటైరయ్యేదాకా, ఏ ఆడమనిషికైనా నడవమని చెప్పే ముందు ఎక్కడ నడుస్తావని అడుగుతూ వచ్చాను. చాలామంది, ఎక్కడ నడవాలో నువ్వే చెప్పు మేడం అని నన్నే తిరిగి అడిగారు.