చప్పట్లను నమ్మని పాటల టీచరమ్మ

పాటల టీచరమ్మ పోయారని పొద్దున్నే వాళ్ల అమ్మాయి ఫోన్ చేసింది. నిద్రలోనే ప్రాణం పోయిందట. బీరంగూడలో మా కిరాణా దుకాణం షట్టర్ సగమే ఎత్తాను. మిగతా సగం ఎత్తబుద్ధి కాలేదు. ఈ మాట అక్కకు ఎట్లా చెప్పాలి?

అక్కకు నలభై దాటాయి. పుట్టుకతోనే బుద్ధి ఎదుగుదల తక్కువ. మాటలు కొన్నే వస్తాయి. అమ్మ పోయినప్పుడు చుట్టాలంతా కలిసి "ఊరికి పోయింది, వస్తది" అని అక్కకు చెప్పారు. గేటు చప్పుడైనప్పుడల్లా లేచి చూసేది పాపం. నిజం తెలిశాక ఎవరి మాటా నమ్మడం మానేసింది. కూరలో ఉప్పు వేశానన్నా నాలుక మీద పెట్టుకునేదాకా ఒప్పుకోదు.

అట్లాంటి మనిషి టీచరమ్మను నమ్మింది. టీచరమ్మ కూడా ఎవరినీ నమ్మకపోవడమే అందుకు కారణమేమో.

బడిలో సంగీతం చెప్పి రిటైరయ్యాక, పిండిగిర్ని పైనున్న గదిలో అక్కలాంటి పెద్దవాళ్లకు పాట నేర్పేవారు. మొదటిరోజే నన్ను గుమ్మం దగ్గర ఆపేశారు.

"నువ్వు బయట కూసో తమ్మీ. లోపలుంటె నువ్వే పాడుతవ్, ఆమె పాడిందంటవ్."

తలుపు వేసేశారు. నాకు అనుమానమొచ్చింది. తలుపెందుకు? లోపల కొట్టినా అక్క బయటికొచ్చి చెప్పుకోలేదు కదా! కిటికీ సందులోంచి చూశాను. టీచరమ్మ వాళ్లకు వీపు చూపిస్తూ గోడవైపు తిరిగి నిలబడి ఉన్నారు. వెనక అందరూ పాడుతున్నారు. తర్వాత అడిగితే, "పాట వచ్చి పాడుతున్నరా, నా నోరు చూసి పాడుతున్నరా, తెల్వాలె గద" అన్నారు.

పిల్లల పాటలు దగ్గరికి రానిచ్చేవారు కాదు. "మీసాలొచ్చినోళ్లతోటి జోలపాటలు పాడియ్యాల్నా?" అనేవారు. నాట్లప్పటి పాటలే ఎంచుకుని, శ్రుతి దించి, ఆ పెద్ద గొంతులకు సరిపడేట్టు చెప్పేవారు. అక్క మొదట్లో ఏ పాదంలోనైనా ఆఖరి మాట ఒక్కటే పలికేది. టీచరమ్మ ఆ మాటను ఆమెకే వదిలేసి, దానికి ముందున్న మాట చేర్చారు. అది కుదిరాక ఇంకొకటి. అట్లా వెనకనుంచి ముందుకు పాదమంతా వచ్చింది. ఊరికే "శభాష్" అనేవారు కాదు. తప్పయితే తప్పనేవారు. చప్పట్లంటే అసలు గిట్టదు. "పాటకు కొడుతున్నరా, జాలిపడి కొడుతున్నరా?" అని అనుమానం.

ఒకసారి పాశమైలారంలోని మందుల కంపెనీ తమ వార్షికోత్సవంలో వీళ్లను పాడమంది. ఆఫీసరొకాయన వచ్చి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. "అందరికీ ఒకే రంగు బట్టలు వేసి నిలబెట్టండి మేడం. మిగతాది మేం చూసుకుంటాం."

ఆయన మెట్లు దిగాక టీచరమ్మ చాయ్ గ్లాసు పక్కన పెట్టారు. "మిగతాది అంటె ఏంది? మిగిలింది పాటనే గద!"

అనుమానం నిజమైంది. వీళ్లు స్టేజీ మీద నోరు తెరిచేలోగా స్పీకర్లలోంచి అదే పాట, ఎవరివో తియ్యటి గొంతులతో మొదలైంది. వీళ్ల ముందున్న మైకులు పనిచేయడం లేదు. అక్క బిత్తరపోయి, ఎవరు పాడుతున్నారా అని చుట్టూ చూస్తోంది. అప్పుడే చప్పట్లు. టీచరమ్మ నేరుగా సౌండ్ పెట్టెల దగ్గరికి నడిచారు.

"బంద్ చెయ్యి."

ఆఫీసరు పరుగెత్తుకొచ్చాడు. "తప్పులు పాడితే జనం నవ్వుతారు మేడం. వాళ్ల మంచికోసమే..."

"నవ్వనియ్యి సారూ. వాళ్లు పాడినంక నవ్వనియ్యి."

రికార్డు ఆగింది, మైకులు పలికాయి. టీచరమ్మ కిందికి వచ్చి నా పక్కన కూర్చున్నారు. పాట మొదలైంది. ఒకరు ముందు, ఒకరు వెనక. రెండో పాదం అక్క ఒక్కతే పాడాలి. ఆగిపోయింది. నేను మొదటి మాట అందించబోతే టీచరమ్మ నా మోచెయ్యి గట్టిగా పట్టుకున్నారు. వెనకెవరో కిసుక్కుమన్నారు. అక్క అటువైపు గుర్రుగా చూసి, పాదమంతా పాడింది. పక్కనున్న టీచరమ్మ చప్పట్లు కొట్టలేదు. కొంగుతో ముఖం తుడుచుకున్నారు. ఆ కంపెనీ మళ్లీ మమ్మల్ని పిలవలేదు.

అందుకే ఆ పొద్దున అక్కతో ఉన్నదున్నట్టే చెప్పాను.

"అక్కా, టీచరమ్మ సచ్చిపోయింది."

"అబద్దం" అంది.

"పోయి సూద్దాం, పా."

కిష్టారెడ్డిపేటలో వాళ్లింటి దగ్గర ఒక పెద్దావిడ నన్ను కోప్పడింది. "ఈమెనెందుకు తెచ్చినవ్ బిడ్డా, బుగులుపడతది." టీచరమ్మ కూతురు మాత్రం జరిగి చోటిచ్చింది. అక్క కూర్చుని, టీచరమ్మ కాళ్ల మీద చెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది.

"సల్లగున్నయ్" అంది. కాసేపటికి తనే, "సచ్చిపోయింది" అంది.

తిరుగు ఆటోలో అక్క పాడటం మొదలుపెట్టింది. నేనెప్పుడూ వినని పాట. తలుపు వెనక ఎప్పుడు నేర్చుకుందో! మధ్యలో సిగ్నల్ దగ్గర ఫ్యాక్టరీ బస్సొకటి మా పక్కన ఆగింది. కిటికీలోంచి ఒకామె తొంగిచూసింది. అక్క ఆమెను అనుమానంగా చూస్తూనే, ఆటో కడ్డీని రెండు చేతులా పట్టుకుని, బస్సు ఇంజను రొద మీదుగా గొంతు పెంచింది.