మూత తీసిన బండి

మా అత్తయ్య పోయింది. నాన్న ఫోన్ చేసేసరికి నేను పంజాగుట్టలో మా ఆఫీసు మెట్లెక్కుతున్నాను. "అక్క పోయిందమ్మా. బాల్కనీలో కుర్చీలో కూర్చున్నది కూర్చున్నట్టే" అన్నాడు. మెట్లు దిగి, దేనికో మళ్లీ ఎక్కి, మళ్లీ దిగి, ఆటో కోసం చెయ్యెత్తి నిలబడి రోడ్డు మీదే ఏడ్చేశాను. అప్పటినుంచి కాలు ఒకచోట నిలవడం లేదు. ఇది రాయడానికి కూర్చున్నాక కూడా లేవడం, ఇల్లంతా ఒకసారి తిరగడం, వచ్చి మళ్లీ కూర్చోవడం. ఇందులో అతుకుల బొంతలా ఏమైనా కనిపిస్తే మీరే సర్దుకుని చదువుకోండి.

అత్తయ్య అంటే నాన్నకు అక్క. అమీర్‌పేటలో మా ఫ్లాటుకు సరిగ్గా పైన ఆవిడ ఫ్లాటు. మాసబ్ ట్యాంక్ దగ్గర సర్కారీ ఆఫీసులో ఉద్యోగం చేసి రిటైరయింది. మావయ్య ఎప్పుడో పోయాడు, పిల్లలు లేరు. ఖాళీగా కూర్చోవడం ఆవిడ ఒంటికి పడదు. రిటైరైన కొన్నాళ్లకే, ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రాళ్ల పక్కన కూర్చుని కంప్యూటర్ నేర్చుకుంటానని మా వీధి చివర కోచింగ్ సెంటర్లో చేరింది. ఆ బిల్డింగు లిఫ్టులోనే ఇరుక్కుంది. కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, లోపల దీపం కూడా లేదు. తలుపు తెరిచేసరికి ఆవిడ చెప్పులు ఒక మూల, కళ్లజోడు ఒక మూల. మంచినీళ్లు తాగించి ఇంటికి తీసుకొచ్చి, గండం గడిచిందనుకున్నాం.

గడవలేదు. ఆ తర్వాత అత్తయ్య బాత్రూమ్ గడియ పెట్టుకోవడం మానేసింది. అద్దాలు ఎత్తిన కారెక్కితే ఊపిరాడటం లేదని డోరు హ్యాండిల్ పట్టుకునేది. తన పాత కారు అమ్మేసింది. మెట్రో ఎక్కించాను. తలుపులు మూసుకోబోతున్నాయని గంట మోగగానే, నన్ను లోపలే వదిలేసి దూకినంత పని చేసి ప్లాట్‌ఫారం మీద నిలబడింది. ఆటో ఉందిగా అంటారేమో మీరు. అదీ అయింది. పంజాగుట్ట సిగ్నల్ దగ్గర అటొక బస్సు, ఇటొక బస్సు గోడల్లా ఆగేసరికి ఆటో దిగి ట్రాఫిక్ మధ్యలో నడవడం మొదలుపెట్టింది. నడుద్దామంటే మోకాళ్లు సహకరించవు. చివరికి బయటికి రావడమే మానుకుంది. ఊరంతా తిరిగిన మనిషి బాల్కనీలో కుర్చీ వేసుకుని కింద పోయే బళ్లను చూస్తూ కూర్చుంటే నాకు ఒళ్లు మండిపోయేది. ఎవరి మీదో చెప్పలేను.

ఒకరోజు నేను బలవంతం చేస్తే వీధి మొదటిదాకా నడిచింది. సిగ్నల్ దగ్గర టాప్ మడిచేసిన చిన్న కారొకటి ఆగి ఉంది. అత్తయ్య నా చెయ్యి పట్టుకుని ఆపేసింది.

"ఏమే, దానికి మూత లేదేంటి?"

"మూత కాదత్తయ్యా, టాప్ అంటారు. కావాలంటే తీసుకోవచ్చు, వద్దంటే వేసుకోవచ్చు."

"తీయడం, వేయడం ఎవరి చేతిలో ఉంటుంది?"

"నడిపేవాళ్ల చేతిలో. స్విచ్ ఉంటుంది."

సిగ్నల్ పడి ఆ కారు వెళ్లిపోయినా అక్కడే నిలబడి చూస్తోంది. "అది నాకు కావాలి" అంది. లిఫ్టు సంగతి జరిగాక ఆవిడ నోటినుంచి ఫలానాది కావాలి అన్న మాట వినడం నాకదే మొదలు.

నాన్న నెత్తీనోరూ బాదుకున్నాడు. "ఈ వయసులో అదేం బండక్కా? జనం నవ్వుతారు." అత్తయ్య, "నవ్వనీరా. ఆ కాసేపైనా నోళ్లు తెరుచుకుంటాయి" అంది. ఎవరో వాడి వదిలేసిన చిన్న బండి దొరికింది. ముందు రెండు సీట్లు, వెనక సామాను పెట్టుకునేంత చోటు, నల్ల గుడ్డ టాప్. ఆ టాప్‌ను ఆవిడ చివరిదాకా మూత అనే పిలిచింది. గేటు దగ్గర నిలబడి, "మూత తీసి పెట్టవే, వస్తున్నా" అని అరిస్తే, పక్క ఫ్లాటువాళ్లు ఆవకాయ జాడీ అనుకునేవారు.

గుడి ముందు పూజ చేయించాం. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, అవి తొక్కించాం. అయినా నాన్నకు తృప్తి లేదు. ఇలాంటి బండికి దిష్టి ఎక్కువ తగులుతుందని నిమ్మకాయా మిరపకాయల దండ ఒకటి తెచ్చి, ఎవరికీ చెప్పకుండా టాప్ లోపలి ఊచకు కట్టేశాడు. అందరూ చూస్తుండగా అత్తయ్య స్విచ్ నొక్కింది. టాప్ దర్జాగా లేచి, వెనక్కి వంగి, సగంలో కిర్రుమని ఆగిపోయింది. బండి బీప్ బీప్‌మని ఒకటే గోల. మా వీధి మెకానిక్ భాయ్‌ను పిలిపించాం. అతను టార్చి వేసి చూసి, మడతలోంచి నలిగిన నిమ్మకాయను రెండు వేళ్లతో పైకి తీశాడు.

"గిదెవరు కట్టిన్రమ్మా ఈడ?"

నాన్న గుడి గోపురం చూస్తున్నాడు.

"దిష్టి పోవాలె గని మోటరు పోవద్దు గద సార్" అన్నాడు భాయ్. అత్తయ్య పకపకా నవ్వింది. ఆ నవ్వు విని నాన్న కోపం తెచ్చుకోవడం కూడా మరిచిపోయాడు.

ఆ రోజునుంచి అత్తయ్యకు కొన్ని నియమాలు వచ్చి పడ్డాయి. నేను డ్రైవింగ్ నేర్చుకున్నది ఆవిడ పక్కన కూర్చునే కాబట్టి, అవన్నీ నా చెవుల్లో ఇప్పటికీ గింగురుమంటూనే ఉన్నాయి. సెల్లారులో టాప్ ముట్టుకోకూడదు. మడుచుకునేటప్పుడు అది నిలువుగా లేస్తుంది, పైన నీళ్ల పైపులుంటాయి. బండిని ఆకాశం కిందికి తెచ్చాకే తీయాలి. బండి ఆగి ఉండాలి, హ్యాండ్‌బ్రేక్ లాగి ఉండాలి, ఇంజిన్ నడుస్తుండాలి, లేకపోతే బ్యాటరీ దిగిపోతుంది. డిక్కీలో సామానుకూ మడతపడే టాప్‌కూ మధ్య ఉండే అడ్డుతెర సరిగ్గా లాగి ఉందో లేదో దిగి చూడాలి, గొడుగు మొన తగిలినా మడత ఇరుక్కుంటుంది. చివరి టక్ వినపడేదాకా స్విచ్ మీదినుంచి వేలు తీయకూడదు. తడి గుడ్డను మడిచి పెడితే బూజు పడుతుంది, కాబట్టి తడిస్తే ఆరేదాకా మూసే ఉంచాలి. టాప్ వేసి ఉన్నప్పుడు వెనక అద్దం చిన్నది, పక్కనుంచి వచ్చే బైకు కనపడదు, మెడ తిప్పి చూడాలి. ఇక అన్నిటికన్నా పెద్దది నా చున్నీ. దాన్ని మెడ చుట్టూ తిప్పి, కొసలు బెల్టు కిందికి దోపి, ఆవిడ ఒకసారి లాగి చూసేది. "గాలికి నువ్వు చుట్టమేం కాదే, దానికి దొరికిందల్లా పట్టుకుపోతుంది" అనేది. నేను ఎన్నిసార్లు విసుక్కున్నా లాగి చూడటం మానలేదు.

మా కింది ఫ్లాటు వాళ్లు తమ అబ్బాయి పెళ్లి ఊరేగింపుకు బండి అడిగారు. వాళ్లు తెలంగాణ వైపు వాళ్లు, మాకు బాగా కావలసినవాళ్లు. ఊరేగింపంటే మీకు తెలుసు కదా, పెళ్లికొడుకూ పెళ్లికూతురూ మడిచిన టాప్ మీదెక్కి కూర్చుని కాళ్లు సీట్లో పెట్టుకుంటారు. అత్తయ్య బండి ఇస్తానంది గానీ ఇద్దరూ సీట్లలోనే కూర్చోవాలి, బెల్టు పెట్టుకోవాలి అంది. నడిపేదెవరని అడిగితే, పెళ్లికొడుకే నడపాలి, రెండే సీట్లు కదా అంది.

"బెల్టు పెడితే పూలదండ నలుగుతది అత్తమ్మా. కిందికి కూసుంటే పిల్లగాడు ఎవ్వరికీ కనబడడు సుత" అని పెళ్లికొడుకు తల్లి బతిమాలింది.

"బ్రేకు వేస్తే అందరికీ కనపడతాడమ్మా, రోడ్డు మీద" అంది అత్తయ్య.

పెళ్లికొడుకు తల్లి మొహం మాడిపోయింది. చివరికి ఆ పెళ్లికొడుకు తలపాగా పెట్టుకుని, బెల్టు బిగించుకుని, బ్యాండు వెనక మొదటి గేరులో తనే నడుపుకుంటూ ఎస్.ఆర్. నగర్ దాకా వెళ్లాడు. పక్కన పెళ్లికూతురు కూడా బెల్టులోనే. జనం వంగి వంగి చూశారు. ఆ కుటుంబం కొన్నాళ్లు మాతో ముభావంగా ఉండి, తర్వాత మామూలైపోయింది.

ఎండాకాలం అంతా బాగానే గడిచింది. తలకు స్కార్ఫ్ కట్టుకుని, సన్‌స్క్రీన్ పూసుకుని, ఖైరతాబాద్ దాకా, ట్యాంక్‌బండ్ దాకా వెళ్లొచ్చేవాళ్లం. కానీ నాకు లోపల ఒకటే గుబులు. వానాకాలం వస్తుంది. వానొస్తే మూత వేయాలి. వేస్తే ఈవిడ లోపల కూర్చోగలదా? కూర్చోలేకపోతే మళ్లీ ఆ బాల్కనీ, ఆ కుర్చీ.

వాన చెప్పాపెట్టకుండా వచ్చింది. పంజాగుట్ట ఫ్లైఓవర్ మీద ఉన్నాం. నేను నడుపుతున్నాను. పెద్ద పెద్ద చినుకులు అద్దం మీద పడ్డాయి. "ఆగకు. ఫ్లైఓవర్ మీద ఆగకూడదు. కిందికి దిగి పక్కకు తియ్యి" అంది. గొంతు అప్పుడే మారిపోయింది. దిగి, మూసి ఉన్న షట్టర్ల ముందు ఆపి, ఇండికేటర్లు రెండూ వేసి, హ్యాండ్‌బ్రేక్ లాగాను. స్విచ్ మా ఇద్దరి మధ్య ఉంది. నేను చెయ్యి పెట్టబోతే తోసేసింది. తనే నొక్కింది. టాప్ వెనకనుంచి లేచి మా తలల మీదికి వస్తోంది. నీడ పడింది. ఆవిడ వేలు వదిలేసింది.

టాప్ నడినెత్తిన గొడుగులా నిలబడిపోయింది. వాన ముందునుంచి కొడుతోంది. వెనక బస్సు డ్రైవరు తల బయటపెట్టి, "అమ్మా, జర ముంగటికి తియ్యిన్రి! ట్రాఫిక్ జామైతుంది!" అని కేకలు. అత్తయ్య డోరు హ్యాండిల్ పట్టుకుంది. వెనక్కి తీసేద్దామా అన్నాను.

"తడిసిందిగా, మడవకూడదు" అంది. కళ్లు మూసుకుంది. "ఇలా వదిలేసి కదలనూ కూడదు. ఎగిరిపోతుంది." ఇంకాసేపు ఊపిరి పీల్చుకుని, "నా చెయ్యి పట్టుకోవే. స్విచ్ ముట్టుకోకు, చెయ్యి పట్టుకో" అంది.

ఎడమ చెయ్యి నాకిచ్చి, కుడిచేత్తో స్విచ్ నొక్కి పట్టింది. టక్‌మంది. ఒక్కసారిగా వాన చప్పుడు దూరమైపోయి, లోపల ఆవిడ ఊపిరి మాత్రమే వినపడింది. అమీర్‌పేట వచ్చేదాకా కిటికీ అద్దం కాస్త దించుకుని ఆ సందులోకి ముక్కు పెట్టుకుని కూర్చుంది. ఇంటి ముందు దిగాక, తడిసిన జుట్టుతో, నాన్నను కిందనుంచే పిలిచి, "ఒరేయ్, మూశానురా!" అంది. నాన్న ఏమనుకున్నాడో తెలియదు, తువ్వాలు పట్టుకుని మెట్లమీద పరిగెత్తుకుంటూ వచ్చాడు.

తర్వాత నాకు చెప్పింది: "మూత అంటే భయం కాదే నాకు. అది ఎవడి చేతిలో ఉందో తెలియకపోతే భయం." అన్నీ నయమైపోయాయని అబద్ధం చెప్పను. మెట్రో ఎక్కలేదు. మా బిల్డింగు లిఫ్టు చివరిదాకా ఎక్కలేదు, మోకాళ్లు నొక్కుకుంటూ మెట్లే ఎక్కింది. కానీ వానల్లో కూడా ఇంట్లో కూర్చోలేదు. ఆ కాస్త బండి ఆవిడకు ఊరిని మళ్లీ ఇచ్చింది.

నేను ఇల్లు చేరేసరికి అత్తయ్య హాల్లో అద్దాల ఫ్రీజర్ పెట్టె దింపారు. విశాఖ నుంచి చిన్నత్తయ్య వచ్చేసరికి రాత్రవుతుంది, అంతవరకూ ఉంచాలి కదా. బయట ఎండ నిప్పులు చెరుగుతోంది. ఎవరి తప్పూ లేదు, ఎవరింట్లోనైనా చేసేదే. అత్తయ్యను అందులో పడుకోబెట్టారు. నేను గోడకు ఆనుకుని నిలబడ్డాను, నిలబడలేక వంటింట్లోకి వెళ్లాను, మళ్లీ వచ్చాను. పెట్టె తెచ్చినతను నాన్నను అడిగాడు.

"సార్, ఇగ మూత పెడుదామా?"

నాన్న తలెత్తి నావైపు చూశాడు. నేను నాన్నవైపు చూశాను. ఇద్దరికీ మూత అన్న ఆ ఒక్క మాటే వినపడింది.

"వద్దు" అన్నాడు నాన్న.

"మూత లేకుంటే కూలింగ్ నిలవదు సార్. గట్లైతే పెట్టె ఎందుకు?"

"పెట్టే వద్దు. తీసుకుపో బాబూ."

బంధువులు తలోమాట అన్నారు. ఈ ఎండలో ఇదేం పిచ్చి అన్నారు. మెకానిక్ భాయ్ గుమ్మం దగ్గర నిలబడి ఉన్నాడు. "ఐసు దొరుకుతుందా భాయ్?" అని నాన్న అతన్ని అడిగాడు. "ఫికర్ చెయ్యకున్రి సార్" అని అతను వెళ్లి, ట్రాలీ ఆటోలో ఐసు దిమ్మలు వేయించుకొచ్చాడు. వాటి మీద ఊక, చాప, దుప్పటి పరిచి అత్తయ్యను పడుకోబెట్టాం. కిటికీలన్నీ తెరిచాం. వీధి తలుపు బార్లా తెరిచాం. ఫ్యాను గాలికి ఆవిడ నుదుటి మీది నెరిసిన వెంట్రుకలు కదులుతుంటే, పొద్దుటినుంచి మొదటిసారి కింద కూర్చున్నాను.

చీకటిపడే వేళకు ఐసు బాగా కరగసాగింది. చూడటానికి వచ్చినవాళ్ల పాదాలు తడిసిపోతున్నాయి. నేను గుడ్డ తెచ్చి తుడవడం, పిండడం, మళ్లీ తుడవడం. నాన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"వదిలెయ్యమ్మా. పోనీ" అన్నాడు.

వదిలేశాను. నీళ్లు గడప దాటి, లిఫ్టు తలుపు ముందునుంచి పక్కకు తిరిగి, ఒక్కొక్క మెట్టే దిగుతూ వీధివైపు వెళ్లాయి.