ఫియట్‌కి తలంటు

మా అరుంధతక్కని ఎవరైనా ‘పాపం’ అంటే నాకు ఒళ్ళు మండుతుంది. ఢిల్లీ జనక్‌పురిలో మా తెలుగువాళ్ళందరికీ ఆ మాట నాలుక చివరే ఉండేది. కూరగాయల బండి దగ్గర కనిపించినా పాపం, బస్సు కోసం నిలబడినా పాపం. బావ శివకుమార్ పోయినప్పుడు అక్క ఏడ్చింది, నిజమే. తరవాత కళ్ళు తుడుచుకుని ఆయన ఆఫీసులోనే గుమాస్తాగా చేరింది. టైపు నేర్చుకుంది, హిందీలో బేరాలాడటం నేర్చుకుంది, తెనాలి నుంచి అమ్మని తెచ్చి దగ్గర పెట్టుకుంది. వీధికి ఇవతల కాపురముంటున్న నేను ఇదంతా కళ్ళారా చూశాను. ఇందులో పాపం ఎక్కడుందో నాకైతే కనపడలేదు.

బావ వదిలి వెళ్ళినవాటిలో పెద్ద వస్తువు ఒక ఫియట్ కారు. ఆయన కొనేటప్పటికే చేతులు మారిన బండి, లేత నీలం రంగు. సర్కారు కట్టిన మా డీడీఏ ఫ్లాట్లకి గ్యారేజీలు ఎక్కడివి? కింద నేరేడు చెట్టు పక్కన నిలబడి ఉండేది. పళ్ళ కాలంలో ఊదా మరకలు, మిగతా కాలమంతా పిట్టల రెట్టలు, ఢిల్లీ ఎండ సరేసరి. బావ పోయాక దాన్ని అమ్మెయ్యమని చెప్పనివాళ్ళు పాపాత్ములు. అక్క అందరి మాటా శ్రద్ధగా విని, వెళ్ళి డ్రైవింగు స్కూల్లో చేరింది. మొదటి వారంలోనే పాల బూత్ ముందు పేర్చిన ట్రేలన్నీ పడగొట్టింది. దిగి, ఒక్కొక్కటే పేర్చి, మళ్ళీ ఎక్కి నడుపుకుంటూ వచ్చింది.

నడపడం వచ్చింది గానీ అప్పటికి బండి రంగు పోయింది. చెయ్యి వేస్తే సుద్దలాగా అంటుకునేది. బానెట్ మీద పొలుసులు లేచి, అడుగుపూతగా వేసిన పాత ప్రైమరు బయటపడింది. కాలనీ పిల్లలు ఆ పొలుసుల్ని గోళ్ళతో ఊడబీకడం, నేను బాల్కనీలోంచి కేకలెయ్యడం మాకు రోజూ ఉండేదే. అక్క జీతం అద్దెకీ, అమ్మ మందులకీ, పెట్రోలుకీ సరిపోయేది. కారు రంగుకి మిగిలేది కాదు.

ఆ కారుకి సేవ చేసింది అమ్మ ఒక్కతే. ఏటా దసరాలో ఆయుధపూజ నాడు దాన్ని కడిగించి, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించి, బానెట్ మధ్యలో కుంకుమతో స్వస్తికం వేసేది. ‘అల్లుడి బండి’ అని మురిసేది. అదే పళ్ళెంలోంచి నా నుదుట బొట్టు పెట్టేది. అక్క దగ్గరికి వచ్చేసరికి పళ్ళెం పక్కకి తిప్పుకునేది. నాన్న పోయాక తను బొట్టు మానేసింది కాబట్టి కూతురూ మానెయ్యాలని ఆవిడ నమ్మకం. అక్క వెళ్ళి వడ్డన మొదలుపెట్టేది. నాకు మాత్రం ఆ పండగ పూట అన్నం సయించేది కాదు.

మా కాలనీ తెలుగువాళ్ళం వినాయక చవితి కలిసి చేసుకుంటాం. నిమజ్జనానికి స్వామిని యమునకి తీసుకెళ్ళేది లారీలో కాదు, మాలో ఒకరి కారులో. ఏటా ఒక్కో ఇంటి వంతు. కిందటేడు తీసుకెళ్ళినవాళ్ళు ఈ ఏటి వాళ్ళకి ఎర్ర పట్టుగుడ్డ అందిస్తారు. దాన్ని ముందు సీటు మీద, నడిపేవాళ్ళ పక్కనే పరిచి స్వామిని కూచోబెట్టాలి. తొంభై ఆరులో ఆ వంతు అక్క ఇంటికి వచ్చింది. గుడ్డ మాత్రం రాలేదు. అది కిందటేడు వంతు తీర్చిన మా సంఘం కార్యదర్శి రామమోహనరావు గారి బీరువాలోనే ఉండిపోయింది.

శ్రావణమాసంలో జరిగిన మీటింగులో ఆయన గొంతు సవరించుకున్నారు.

“అమ్మా అరుంధతీ, నీ బండి సంగతి నీకు తెలుసుగా. పొలుసులు రాలుతున్నాయి. స్వామిని అందులో ఎక్కిస్తే చూసేవాళ్ళకి బాగుండదు. ఈసారికి కూడా మా మారుతీలోనే కానిచ్చేద్దాం.”

అసలు సంగతి రంగు కాదని ఆ హాల్లో అందరికీ తెలుసు. మొగుడు పోయిన ఆడమనిషి స్వామి పక్కన కూచుని బండి నడపడమేమిటన్నది వాళ్ళ బాధ. ఆ మాట పైకి అనడానికి నోళ్ళు రాక నెపం పెయింటు మీద పెట్టారు. నేను లేవబోయాను. అక్క నా చెయ్యి పట్టుకుని కూచోబెట్టింది.

“రంగు బాగుంటే వంతు మాదేనా అండీ?” అని అడిగింది.

“అంతే కదమ్మా, ఇంకేముంటుంది?” అన్నారాయన, అందరి ముందూ మరోమాట అనలేక.

“అయితే నిమజ్జనం నాటికి బాగుంటుంది. గుడ్డ తీసి పెట్టండి.”

మర్నాడు మాయాపురిలో కార్లకి రంగులేసే షాపుకి వెళ్ళాం. మిస్త్రీ బండి చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి, “మాల్ మెహెంగా హై, దీదీ” అని, సరుకు ప్రియమంటూ చెప్పిన రేటు విని నాకు నవ్వొచ్చింది. అంతకి ఇంకో పాత ఫియట్ వస్తుంది. అక్క “ఠీక్ హై భయ్యా” అని బండి వెనక్కి తిప్పి, దారిలో హార్డ్‌వేర్ షాపు ముందు ఆపింది. ఎనామెల్ డబ్బా, ప్రైమరు, పుట్టీ, మంచి బ్రష్షు, నీళ్ళలో తడిపి రుద్దే గరుకు కాగితాలు కొంది.

“ఇది తలుపులకేసే రంగు కదే!” అన్నాను.

“దీనికి మాత్రం తలుపులు లేవా?” అంది.

సెలవు రోజుల్లో, ఆఫీసు నుంచి వచ్చాక వెలుతురున్నంత సేపూ ఇద్దరం అదే పని. పాత తెలుగు వారపత్రికల కాగితాలు అద్దాలకి అంటించాం. బకెట్లో నీళ్ళు పెట్టుకుని రుద్ది రుద్ది పొలుసులన్నీ లేపేశాం. తుప్పు గీకాం, గుంటల్లో పుట్టీ నింపాం, మళ్ళీ రుద్దాం. పల్చగా ఒక పూత, అది ఆరాక సన్న కాగితంతో రుద్దడం, మళ్ళీ పూత. మబ్బు పడితే పరిగెత్తి బండి మీద పరదా కప్పేవాళ్ళం. పై అంతస్తు చద్దా ఆంటీ, “అరే, పెయింటర్ కో బులా లే బేటా” అని, ఎవరినైనా పిలిపించుకోమని జాలిపడేది. అక్క కొంగు బొడ్లో దోపుకుని, చేతులకి నీలం రంగుతో, పైకి చూసి నవ్వేది. నా వేళ్ళు ఒరుసుకుపోయి పప్పులో ఉప్పు వేస్తే మండేవి. అయినా ఒక్కో తలుపూ మెరుస్తుంటే నాకు ఎంత గర్వంగా ఉండేదో చెప్పలేను.

బానెట్ దగ్గర వచ్చింది చిక్కు. అన్నిచోట్లా చక్కగా పరుచుకున్న రంగు, సరిగ్గా నడిమధ్యన వెనక్కి ముడుచుకుపోయి చిన్నచిన్న గుంటలు పడింది. తుడిచేసి మళ్ళీ వేశాం. మళ్ళీ అంతే. పెట్రోలుతో తుడిచి వేస్తే ఇంకాస్త మేర పాడైంది. దూరం నుంచి చూస్తే ఆ గుంటలన్నీ కలిసి స్వస్తికం ఆకారంలో కనపడ్డాయి.

అమ్మ మెట్ల మీద కూచుని కళ్ళొత్తుకుంది. “అది అల్లుడికి పెట్టుకున్న బొట్టే. పోనంటోంది. ఇంక వదిలెయ్యి తల్లీ. ఆ రామమోహనరావు గారి కారులోనే ఎళ్ళనీ స్వామిని.”

నిమజ్జనం దగ్గర పడింది. అక్క మొహం చిన్నబోవడం నేను మొదటిసారి చూసిందప్పుడే. కాసేపు బానెట్‌కేసి చూస్తూ నిలబడి, చేత్తో నీళ్ళు తీసుకుని దాని మీద చిలకరించింది. అన్నిచోట్లా నీళ్ళు పరుచుకున్నాయి. మధ్యలో మాత్రం నూనె రాసిన పెనం మీద పడ్డట్టు బొట్లుబొట్లుగా జారిపోయాయి.

“అమ్మా, కుంకుమ దేంతో కలిపేదానివి?”

“నీళ్ళతో పెడితే ఒక్క వానకి పోద్దని... నువ్వుల నూనెతో రంగరించేదాన్ని” అంది అమ్మ.

అక్కా నేనూ మొహమొహాలు చూసుకున్నాం. రంగు లేచిపోయిన చోట, ఏటేటా పెట్టిన నూనె కిందిదాకా ఇంకిపోయింది. మేం పెట్రోలు గుడ్డతో దాన్ని ఇంకాస్త పక్కలకి పులిమాం. నేను పొట్ట పట్టుకుని నవ్వాను. అమ్మ నవ్వలేదు. తన భక్తి వల్ల కూతురి పరువు పోతుందని మొహం ఇంతయింది. లేచి లోపలికి వెళ్ళింది. కాసేపటికి గిన్నెలో వేడివేడి కుంకుడు పులుసుతో దిగొచ్చింది, చేతిలో కొబ్బరి పీచు.

“ఆదివారం ఆదివారం మీ తలకాయల్లో నూనె దేంతో వదిలించానే నేను? జరగండి” అంది.

అలా మా ఫియట్‌కి తలంటు జరిగింది. అక్క అంతమేరా రేకు కనపడేదాకా గీకింది. అమ్మ కుంకుడు పులుసు పోసి నురగ వచ్చేలా తోమింది. నేను వేడినీళ్ళు పోశాను. మళ్ళీ తోమింది, మళ్ళీ పోశాను. చద్దా ఆంటీ బాల్కనీ రెయిలింగు మీదకి వంగి నోరు తెరుచుకుని చూసింది. చివరికి నీళ్ళు బానెట్ మీద ఏ వంకా పెట్టకుండా పరుచుకున్నాయి. ఆరాక ప్రైమరు వేశాం, ఆ పైన రంగు. ఈసారి పట్టింది.

నిమజ్జనం నాడు కారు పందిరి ముందు నిలబెట్టాం. రామమోహనరావు గారు ఎర్ర గుడ్డ చంకలో పెట్టుకుని చుట్టూ తిరిగారు. వంగి చూస్తే బానెట్‌లో ఆయన కళ్ళజోడే ఆయనకి కనిపించింది. బాగా దగ్గరికెళ్తే ఎడమ తలుపు మీద బ్రష్షు గీతలు తెలుస్తాయి. నేను కావాలనే అక్కడ నిలబడ్డాను.

“బాగుందమ్మా, చాలా బాగుంది” అన్నారు. “నువ్వు వెనకాల కూచో. మావాడు నడుపుతాడు.”

“రంగు బాగుంటే వంతు మాదన్నారు. ఇప్పుడు బాగుందని మీరే అన్నారు. గుడ్డ ఇవ్వండి రామమోహనరావు గారూ” అంది అక్క, చెయ్యి చాపి.

డప్పులు ఆగిపోయాయి. అప్పుడు అమ్మ కుంకుమ పళ్ళెంతో జనంలోంచి వచ్చింది. బానెట్‌కి బొట్టు పెట్టబోతోందనుకుని అడ్డం వెళ్ళబోయాను. అమ్మ బానెట్ దాటి వెళ్ళి అక్క ముందు ఆగింది. వేలు పళ్ళెంలో అద్ది, అందరూ చూస్తుండగా, అక్క నుదుట నిండుగా బొట్టు పెట్టింది.

“కారుకి పెడితే మళ్ళీ రంగు పట్టదు. నడిపేదానికి పెడతన్నా” అంది.

రామమోహనరావు గారు అమ్మని చూశారు, అక్కని చూశారు. గుడ్డ చంకలోంచి తీసి అక్క చేతిలో పెట్టారు. అక్క దాన్ని ముందు సీటు మీద ముడతల్లేకుండా పరిచింది. ఆయనే స్వామిని తెచ్చి కూచోబెట్టి, తను వెనక సీట్లో అమ్మ పక్కన సర్దుకున్నారు. నేను ఏడ్చాను. దాచుకోవలసిందేమీ లేదు.

యమున ఒడ్డున స్వామిని నీళ్ళలోకి దించుతుండగా పెద్ద వాన కురిసింది. మా అందరి బొట్లూ కరిగి ముక్కుల మీదికి కారాయి. రామమోహనరావు గారి విభూతి కూడా మిగల్లేదు. అక్క స్టీరింగు ముందు కూచుని, తడిసిన జుట్టు వెనక్కి తోసుకుని బండి స్టార్టు చేసింది. అమ్మ కుంకుమ నూనెతోనే రంగరించి తెచ్చిందని నాకు అప్పుడర్థమైంది. జనక్‌పురి చేరేదాకా అక్క బొట్టు చెక్కుచెదరలేదు.