నూటెనిమిది సార్లు రుద్ది చూసిన అత్త

మా మేనత్త పోయిందని కిందటి నెల్లో ఒక మంగళవారం పొద్దున్న అమ్మ ఫోన్ చేసింది. నేను కోరాపుట్‌లో మా హాస్టల్ మెట్ల మీద కూర్చుని పళ్ళు తోముకుంటున్నాను. "అత్త ఎల్లిపోయిందమ్మి, నిద్దట్లోనే," అంది అమ్మ. ముక్కు చీదుకుని, "నిన్న సాయంత్రం కూడా మీ నాన్న కొన్న కొత్త దుప్పటి రుద్ది సూసింది. రెండు నెల్లకి ఉండలు కట్టిపోద్ది, ఎవడి సేతిలో మోసపోయేవురా అని మీ నాన్నని తిట్టింది," అంది. నోట్లో నురగతో, కళ్ళల్లో నీళ్ళతో ఉన్న నాకు నవ్వు వచ్చేసింది.

అత్త గురించి చెప్పాలంటే ముందు ఆ ఉండల గురించి చెప్పాలి. మీ ఇంట్లోనూ అలాంటి చొక్కా ఒకటి ఉండే ఉంటుంది. కొన్న రోజున పట్టులా జారుతుంది. పది ఉతుకులు పడేసరికి చంకల దగ్గర, మెడ దగ్గర ఆవగింజలంత దారపు ఉండలు లేస్తాయి. బట్ట చిరగదు, రంగు పోదు, కానీ తొడుక్కున్న మనిషి పాతబడిపోయినట్టు కనిపిస్తాడు. చిరిగిన బట్టని అత్త మన్నించేది, అతుకు వేసేది. ఉండలు కట్టిన బట్టని మాత్రం చూసి, "ఇది కొన్న రోజే తెలీలేదేటి?" అనేది. తెలుస్తుందని ఆవిడ నమ్మకం. తెలుసుకోవడం ఎలాగో నాకు నేర్పింది కూడా ఆవిడే.

మావయ్య రైల్వే ఉద్యోగం వల్ల ఆవిడ శ్రీకాకుళం పక్క పల్లె నుంచి రాయగడ వచ్చింది. ఆవిడ వెనకాలే మా నాన్నా వచ్చాడు. రెండిళ్ళకీ ఒకే వరండా, ఆ వరండాలో అత్త కుట్టుమిషను. వచ్చేవాళ్ళలో ఒడియా వాళ్ళు, దేశియా మాట్లాడే కొండ ఊళ్ళవాళ్ళు, మావాళ్ళు అందరూ ఉండేవారు. అత్త అందరితోనూ మూడు భాషలూ కలిపిన తన సొంత భాషలో మాట్లాడేది. అందరికీ అర్థమయ్యేది.

ఎవరైనా గుడ్డ తెస్తే టేపు తీసే ముందు అత్త ఒక పాత స్కూలు బ్యాగు పట్టీ తీసేది. గుడ్డని మోకాలి మీద బిగించి పట్టుకుని, ఆ గరుకు పట్టీతో ఒకే చోట గుండ్రంగా రుద్దేది. లెక్క తప్పకుండా ఉండడానికి గోవింద నామం. సరిగ్గా నూటెనిమిది. దేవుడి గదిలో ఐదు నిమిషాలు కూర్చోలేని మనిషి గుడ్డ దగ్గర మాత్రం జపం పూర్తి చెయ్యకుండా లేచేది కాదు. మధ్యలో ఎవరొచ్చినా జపంలోనే మర్యాద చేసేది. "గోవిందా, గోవిందా, ఆ స్టూలు లాక్కుని కూకో, గోవిందా, మీ కోడలికి ఒంట్లో ఎలగుంది, గోవిందా..."

ఎందుకత్తా ఆ పట్టీ, చేత్తో రుద్దితే చాలదా అని చిన్నప్పుడు అడిగాను.

"సెయ్యి సుట్టం లాగ రుద్దుద్ది. బ్యాగు పగోడి లాగ రుద్దుద్ది. బడికెల్లే గుంటలు మోసేది సేతిని కాదు కదేటి, బ్యాగుని!"

రుద్దడం అయ్యాక గుడ్డని గుమ్మం దగ్గరకి తీసుకెళ్ళి, వెలుతురు పక్క నుంచి పడేలా వంచి చూసేది. ఎదురు వెలుతురులో కనిపించని నూగు పక్క వెలుతురులో పచ్చికలా నిలబడేది. తర్వాత అంచు నుంచి ఒక పోగు లాగి, వేళ్ళ మధ్య దాని పురి విప్పేది. పురి గట్టిగా ఉంటే మెచ్చుకోలుగా గొంతు సవరించుకునేది. నాలుగు తిప్పులకే పోగు పీచుపీచుగా విడిపోతే ఆ గుడ్డ తెచ్చినవాళ్ళ వైపు జాలిగా చూసేది.

పీచు, పోగు, పురి, పడుగు, పేక, నూగు. ఈ మాటలన్నీ నాకు అత్త నోటి నుంచే వచ్చాయి. నాకు చదువుకన్నా ముందు ఈ మాటల మీద ప్రేమ పుట్టింది. వదులుగా పేనిన పోగులోంచి పీచు కొసలు పైకి లేస్తే అది నూగు. ఆ నూగు రాపిడికి ఒకదానికొకటి చుట్టుకుంటే ఉండ. ఇంతవరకూ అన్ని బట్టలకీ ఒకటే కథ. తేడా ఆ తర్వాతే. "నూలు ఉండ పండిన పండు లాగ తనే రాలిపోద్ది," అనేది అత్త. "ఈ మిక్సింగు గుడ్డలో గట్టి పాలిస్టరు దారం ఉంది సూసేవ, అది పండక్కొచ్చిన సుట్టం. పట్టుకుని ఏలాడుద్ది గానీ ఓ పట్టాన కదల్దు."

ఆవిడ ఊరికే జోస్యం చెప్పి వదిలేసేది కాదు. గోడ మీద పాత క్యాలెండర్ ఒకటి ఉండేది. చూసిన ప్రతి గుడ్డ నుంచీ వేలెడు ముక్క కత్తిరించి దాని మీద గుండుసూదితో గుచ్చేది. పక్కన పెన్సిలుతో "చంక కాడ, మూడు నెల్లు" అనో "ఏటీ అవ్వదు" అనో రాసేది. ఆ మనిషి మళ్ళీ ఏదో పనిమీద వస్తే చెయ్యి పైకెత్తమని, చంక చూసేది. కొత్తవాళ్ళు కంగారుపడేవారు. తన మాట తప్పితే ఆ ముక్కని పీకి పారెయ్యకుండా తలకిందులుగా గుచ్చేది. "పారేస్తే మర్సిపోతాం. తలకిందులుగా ఉంటే రోజూ ఎక్కిరిస్తాది," అనేది. తలకిందులు ముక్కలు చాలానే ఉండేవి. వాటిలో ఒకటి నాది. దాని సంగతే చెప్పాలి.

నేను ప్లస్ టూ రెండో ఏడులో ఉండగా లక్ష్మీపూర్ నుంచి ఒకావిడ వచ్చింది. అత్త దగ్గరే కుట్టు నేర్చుకుని, అక్కడ పన్నెండుమంది ఆడవాళ్ళతో కుట్టుగుంపు పెట్టిన మనిషి. అందరూ ఆవిడని ప్రెసిడెంటు అనేవాళ్ళు. దగ్గరలోని ఒక బడి పిల్లలకి యూనిఫాంలు కుట్టే పని వాళ్ళకి దొరికింది. అది వాళ్ళ మొదటి పెద్ద పని. పిల్లలు మూడు నెలలకే ఉండలు కట్టిన బట్టలతో తిరిగితే ఊరంతా చూస్తుంది, రెండోసారి ఎవరూ పిలవరు. ఆవిడ రెండు రకాల గుడ్డ ముక్కలు తెచ్చింది. ఒకటి నున్నగా, మెరుస్తూ, చేతిలోంచి జారిపోతోంది. రెండోది గట్టిగా, కాస్త బరకగా ఉంది. పన్నెండుమందీ నున్నటిదే కావాలన్నారట.

"మావుసీ, నువ్వు ఒక్క మాట సెప్పు, అదే తీసుకుంటాం," అంది ప్రెసిడెంటు, అత్తని ఒడియాలో పిన్నీ అని పిలుస్తూ.

అత్త ఆ సాయంత్రమే గుణుపూర్ దగ్గర చుట్టాల ఇంటికి పెళ్ళికి బయల్దేరుతోంది. నేను ఎగిరి గంతేసి, నేను చూస్తానన్నాను. అప్పటికే నా నోట్‌బుక్కులో గీతలు గీసి, పట్టికలు వేసి ఉంచుకున్నాను. అత్త నా వైపు చూసి, "సరే, అమ్మి సూస్తాది. రుద్దు, ఉతుకు, మళ్ళీ రుద్దు. తొందరపడకు," అని బస్సెక్కింది.

శ్రద్ధగానే చేశాను. ఒక్కొక్క ముక్కనీ నూటెనిమిది, ఉతకడం, ఎండబెట్టడం, మళ్ళీ నూటెనిమిది. ఉతికే పని అమ్మకి ఇచ్చాను. చివరికి చూస్తే నున్నటి గుడ్డ అద్దంలా ఉంది. బరక గుడ్డ మీద నాలుగు ఉండలు. మళ్ళీ లెక్కపెట్టాను, నాలుగే. అత్త ఎప్పుడూ మెత్తటి గుడ్డని అనుమానించేది కదా, ఆవిడ మాటే తప్పని తేల్చానన్న గర్వంతో ప్రెసిడెంటుకి ఫోన్ చేసి నున్నటిదే తీసుకోమన్నాను. ఆవిడ సంతోషంగా వ్యాపారికి చెప్పేసింది. శుక్రవారం సరుకు వస్తుంది, వచ్చిన రోజే కత్తిరించడం మొదలు. ఒకసారి కత్తెర పడితే ఎవరూ వెనక్కి తీసుకోరు.

బుధవారం అత్త వచ్చింది. చెప్పులు విప్పకుండానే నా ముక్కలు చూసింది. గుమ్మం దగ్గర వంచి చూసింది, వాసన చూసింది. తర్వాత, నా కళ్ళ ముందే, నున్నటి ముక్కని నాలిక చివర ఆనించింది.

"అమ్మి, దీనికి గంజి ఎట్టింది ఎవులు?"

వంటింట్లోంచి అమ్మ తొంగిచూసింది. "నేనే వదినా. మంచి గుడ్డ కదా అని గంజి ఎట్టేను. ఆ రెండోది ఎలాగూ గట్టిగానే ఉంది కదాని ఒగ్గేసేను."

అత్త నవ్వడం మొదలుపెట్టి, మిషను పట్టుకుని నవ్వి, నేల మీద కూలబడి నవ్వింది. "ఓలమ్మో! నూగునంతా గంజితో పడుకోబెట్టీసి, ఇది బుద్ధిమంతురాలు అని సర్టిఫికేటు ఇచ్చేసినారు తల్లీ కూతుళ్ళు! ఇంక ఏ ఊరోళ్ళూ ఇలాటి తప్పు సెయ్యలేరు!"

నాకు మాత్రం నవ్వు రాలేదు. పన్నెండుమంది ఆడవాళ్ళు నా మాట మీద కత్తెరలు నూరుకుంటున్నారు. అత్త నా తల మీద చెయ్యి వేసింది. "ఏడుపెందుకే? ఇంకా కత్తెర పడలేదు. ఉతుకు. గంజి లేకుండా మూడు ఉతుకులు." ఆ రెండు రోజులూ మా వరండా నిండా గోవింద నామమే. శుక్రవారం పొద్దుటికి నున్నటి గుడ్డ మీద ఉండలు లెక్కపెట్టలేనన్ని లేచాయి. బరక గుడ్డ మీద మళ్ళీ అవే నాలుగు.

మొదటి బస్సుకి ఇద్దరం లక్ష్మీపూర్ వెళ్ళాం. మేం చేరేసరికి వ్యాపారి మోటారుసైకిలు వెనక గుడ్డ తాను కట్టుకుని అప్పుడే దిగుతున్నాడు. అత్త ముక్కలు చూపించింది. ఆయన చూడనైనా చూడలేదు.

"మావుసీ, ముక్కల్ని పట్టుకుని ఎవరైనా రుద్దగల్రు. ఇదే గుడ్డతో నేను పేంటు కుట్టించుకున్నాను. ఇదిగో, సూడు!"

"ఎన్నాళ్ళయిందేటి బాబూ?"

"నాలుగు నెల్లు. అద్దంలాగ లేదూ?"

"ముందర అద్దమే. ఒకపాలి ఎనక్కి తిరుగు."

ఆయన తిరగలేదు. తిరగకపోతేనేం, ప్రెసిడెంటే ఆయన వెనక్కి నడిచి వెళ్ళింది. చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. మిగతావాళ్ళూ వెళ్ళారు. మోటారుసైకిలు సీటు మీద నాలుగు నెలలు కూర్చున్న చోట మిరియాలు ఆరబోసినట్టు ఉండలు. పాపం ఆయన తన వెనక తాను చూసుకోవాలని గుండ్రంగా రెండుసార్లు తిరిగాడు. పన్నెండుమందీ ఒక్కసారిగా నవ్వారు. చివరికి ఆయనా నవ్వేశాడు. "సర్లే మావుసీ, ఆ బరకదే తెస్తాను. ఈ సంగతి మాత్రం రాయగడలో సెప్పకు," అన్నాడు. అత్త చెప్పలేదు. నేనే ఇప్పుడు చెబుతున్నాను, ఆయన పేరు లేకుండా.

బరక గుడ్డ మీద ఆ నాలుగు ఉండలు అత్తని వదల్లేదు. బ్యాగు పట్టీ ఆనే భుజం దగ్గర నున్నటి నూలు గుడ్డ పట్టీ ఒకటి అదనంగా కుట్టమంది. అది చూడ్డానికి అలంకారంలా కూడా ఉంది. తిరగేసి ఉతకండి, తువ్వాళ్ళతో కలపొద్దు, బ్రష్షుతో తోమొద్దు అని ప్రతి యూనిఫాంతోపాటు ఒక చీటీ పెట్టించింది. ఆ చీటీ ఒడియాలో, తెలుగులో నేనే రాశాను. నేను రాసిన మాటలు నలుగురూ చదవడం అదే మొదలు.

ఇంటికి వచ్చాక నా గంజి ముక్కని నా చేతే క్యాలెండర్ మీద తలకిందులుగా గుచ్చించింది. "తప్పు సేసినందుకు కాదమ్మి," అంది, "రుద్దే ముందు ఆ గుడ్డకి ఏటి జరిగిందో అడగనందుకు."

ఇప్పుడు బట్టల చదువు చదువుతున్నాను. మా ప్రయోగశాలలో రుద్దడానికి ఒక యంత్రం ఉంది, తిప్పులు అదే లెక్కపెడుతుంది. దాని ముందు నిలబడితే పెదాలు వాటంతటవే కదులుతాయి. పక్కమ్మాయి ఏమిటని అడిగితే పాట అని చెప్పాను.

అత్త కర్మకాండలకి లక్ష్మీపూర్ నుంచి పన్నెండుమందీ వచ్చారు. అదే బడి ఈసారి కూడా పని వాళ్ళకే ఇచ్చిందని ప్రెసిడెంటు అమ్మతో చెబుతూ, ఒకపక్క ఏడుస్తూ, ఆ పేంటు సంగతి గుర్తొచ్చి మరోపక్క నవ్వింది. వరండాలో అందరం నవ్వాం. చావింట్లో ఇలా నవ్వుతారా అని నాన్న కసిరి, తనూ మొహం తిప్పుకుని నవ్వుకున్నాడు.

తిరిగి కోరాపుట్ వస్తూ లక్ష్మీపూర్‌లో బస్సు దిగిపోయాను. ఆ బడి దగ్గర మధ్యాహ్నం గంట కొట్టారు. మెట్ల పక్కన చక్రాల కుర్చీ కోసం కట్టిన సిమెంటు వాలు ఒకటి ఉంది. ఒక చిన్నపిల్ల దాని మీద కూర్చుని జర్రున జారింది, లేచింది, మళ్ళీ పైకి పరిగెత్తింది. ఏడాది దాటిన యూనిఫాం అది. దగ్గరికి వెళ్ళి ఆ పిల్ల వెనక వంగి, పక్క వెలుతురులో చూశాను. కాస్త వెలిసింది, దుమ్ము పట్టింది. ఒక్క ఉండ లేదు. ఏం చూస్తున్నావని ఆ పిల్ల ఒడియాలో గద్దించింది. ఏమీ లేదు, ఇంకోసారి జారు అన్నాను. ఆ పిల్ల నన్ను ఎగాదిగా చూసి, గౌను సర్దుకుని, రెండు చేతులూ గాల్లోకి ఎత్తి జారింది.