పెరట్లో అల్లుళ్లు

బట్టలు కుట్టి ఇద్దరు కూతుళ్ల పెళ్లిళ్లు చేసిన ఆవిడ, పెరట్లో రెండు పుంజుల్ని కూడా పెంచుతోంది. ఒకదాని పేరు పెద్దల్లుడు, రెండోదాని పేరు చిన్నల్లుడు. అసలు అల్లుళ్లకు ఈ సంగతి తెలియదు. పేర్లు మాత్రం ఊరికే పెట్టలేదు. ఒకటి మెడ నిక్కిస్తే రెండోది రెక్క విదిలిస్తుంది. ఒకటి ఏ గింజ ముట్టుకుంటే రెండోదానికి అదే గింజ కావాలి. రోజూ ఈకలు ఊడ్చలేక ఆవిడ రెండు మూలల్లో రెండు గిన్నెలు పెట్టి, మధ్యన పాత తలుపు రెక్క అడ్డం నిలబెట్టింది. పక్కవాడి గిన్నె కనబడకపోతే ఎవడి గిన్నె అయినా నిండుగానే ఉంటుందని ఆవిడ సిద్ధాంతం.

ఆ ఆదివారం అసలు అల్లుళ్లు భోజనానికి వచ్చారు. కూర ముందు నీకా నాకా అని మూతులు ముడుచుకుని కూర్చున్నారు. సరిగ్గా అప్పుడే పెరట్లో తలుపు రెక్క పడిపోయింది. ఆవిడ గరిటెతోనే పరుగెత్తింది. కిటికీలోంచి గొంతు ఖంగుమంది.

“ఒరేయ్ పెద్దల్లుడూ! నీ గిన్నె వదిలేసి వాడి గిన్నెలో మూతి పెడతావేంరా? సిగ్గులేదూ?”

పెద్దల్లుడి చెయ్యి కూర మీదే ఆగిపోయింది. చిన్నల్లుడు కిసుక్కున నవ్వాడు.

“చిన్నల్లుడూ, నువ్వేం తక్కువ తిన్నావురా! ఇంకోసారి ఎగిరారంటే ఇద్దర్నీ కోసి వండేస్తా!”

ఆవిడ లోపలికి వచ్చేసరికి కూర గిన్నె బల్ల మీద అటూ ఇటూ జరుగుతోంది.

“ముందు మీరు వడ్డించుకోండి అన్నయ్యా.”

“అబ్బే, నువ్వు కానీ తమ్ముడూ.”

పెద్దకూతురు తల్లిని వంటింట్లోకి లాక్కెళ్లింది. “పరువు పోయిందమ్మా! ఆ కోళ్లకు పేర్లు మార్చవే!”

“ఎందుకే మార్చడం? ఇన్నాళ్లకు పనిచేశాయి!”