పాట, పాత, మధ్యలో ఒక హెచ్

ఆ రోజుల్లో నాకు తెలియనిదంటూ ఏదీ ఉండేది కాదు. ఇప్పుడు ఎవరైనా క్లౌడ్ గురించి అడిగితే "ఉండండి, చూసి చెప్తాను" అంటున్నాను గానీ, అమెరికాలో, క్యారీ అనే ఊళ్ళో మొదటి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆ మాట నా నోటికి అలవాటే లేదు. మాస్టర్స్ పట్టా చేతికొచ్చింది, లాటరీలో హెచ్-వన్ వీసా తగిలింది, ఎవరో వాడేసిన కారొకటి కొనుక్కున్నాను, ఇంకేం కావాలి? ఎవరు ఏ సందేహం అడిగినా నా దగ్గర ఒకటే జవాబు: "స్నాప్‌షాట్ ఉంది కదా!" సర్వర్ ఆగిపోతే? స్నాప్‌షాట్ ఉంది కదా. ఎవరైనా పొరపాటున చెరిపేస్తే? స్నాప్‌షాట్ ఉంది కదా. (మా రూమ్మేట్ సాంబారులో ఉప్పు రెండోసారి వేసిన రోజున కూడా ఈ మాటే అన్నానట. ఆమె ఇప్పటికీ నలుగురిలో చెబుతుంది.) ఇంత ధీమా ఉన్న పిల్లని ఆ తర్వాత నేనెక్కడా చూడలేదు, అద్దంలో కూడా.

మాది పాతికమంది లేని చిన్న కంపెనీ. ఇక వైద్యం వల్ల లాభం లేదని తేలినవాళ్ళని ఇంటి దగ్గరే చూసుకునే నర్సుల సంస్థ ఒకటి మా కస్టమర్. ఆ నర్సులు, ఇష్టపడినవాళ్ళ పక్కన కూర్చుని వాళ్ళ మాటలు రికార్డ్ చేసేవారు. పిల్లలకి చెప్పాలనుకున్నవి, పెళ్ళినాటి ముచ్చట్లు, ఎప్పుడో అడగాల్సిన క్షమాపణలు. మనిషి పోయాక, ఇంట్లోవాళ్ళకి వినగలిగే ధైర్యం వచ్చి అడిగినప్పుడు, ఆ రికార్డింగ్ చేతికిచ్చేవారు. అంతవరకూ దాచి పెట్టడం మా పని. నాకు మాత్రం అదంతా ఒక వాల్యూమ్. వాల్యూమ్ అంటే ఎక్కడో ఉన్న సర్వర్‌కి మనం తగిలించుకునే అద్దె డిస్క్. రోజూ దాన్ని ఉన్నదున్నట్టు నకలు తీసి పక్కన పెడితే అది స్నాప్‌షాట్. పరాయివాళ్ళు చదవకుండా ఆ రెండింటికీ వేసే తాళం ఎన్‌క్రిప్షన్. ఆ తాళానికో చెవి, దానికో పేరు. రికార్డింగులు మేం కూడా వినకూడదని నియమం. కాబట్టి నేను ఒక్క గొంతు కూడా వినలేదు.

ఈ ఏర్పాటంతా కట్టింది మా సీనియర్. అడిగినా అడక్కపోయినా పాఠం చెబుతారు కాబట్టి ఆయన్ని మేష్టారనేవాళ్ళం. ఆయనకో అలవాటుంది. క్లౌడ్‌లో దేనికి పేరు పెట్టాల్సి వచ్చినా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు మాట పెట్టేవారు. "అమెరికా వాళ్ళకి అర్థం కాదు, ఊరికే కెలకరు. మనవాళ్ళకి అర్థమవుతుంది, జాగ్రత్తగా ఉంటారు" అనేవారు. సర్వర్ పేరు పెద్దన్న, పరీక్షలకి వాడేది చిట్టి, ఎప్పుడూ ఎర్రర్లు కక్కేది గోల. మా మేనేజర్ (ప్రతిదానికీ కాలెండర్‌లో మీటింగ్ పెడుతుంది కాబట్టి మాకు ఆవిడ కాలెండరమ్మ) ఆ పేర్లు పలకడానికి పడే పాట్లు చూసి మేం చాటుగా నవ్వుకునేవాళ్ళం.

మేష్టారు వీసా స్టాంపింగ్‌కని హైదరాబాద్ వెళ్ళి, పాస్‌పోర్ట్ తిరిగి రాక అక్కడ ఇరుక్కుపోయిన రోజుల్లో, ఆడిట్ వస్తోంది, వాడకంలో లేనివన్నీ తీసేయమని కాలెండరమ్మ నాకు పురమాయించింది. నేను చీర కొంగు బిగించాను (ఆఫీసుకి జీన్స్‌లోనే వెళ్ళేదాన్ననుకోండి). తాళం చెవుల జాబితా తెరిస్తే పక్కపక్కన రెండు పేర్లు. ఒకటి కే, ఓ, టి, హెచ్, ఏ: కొత్త. రెండోది పి, రెండు ఏలు, టి, ఏ: పాత. కొత్తది వచ్చాక పాతదెందుకు? తీసెయ్యమని నొక్కితే, ఆ క్లౌడ్ స్క్రీన్ ఎన్ని రోజులు ఆగమంటావు, వారం నుంచి నెల దాకా ఎంతైనా ఆగుతాను అంది. ఈ తాళం చెవి పోతే దానితో తాళం వేసినవేవీ ఇక తెరుచుకోవు, అర్థమైందా అని కూడా అడిగింది. అర్థమైందని టిక్కు పెట్టి, వారం చాలన్నాను. రెండు రోజులు గమనించాను కూడా. పెద్దన్న నిక్షేపంగా నడుస్తోంది, నర్సుల రికార్డింగులు వచ్చి చేరుతున్నాయి, ఏదీ ఆగలేదు. నిజంగా అక్కర్లేనిదే తీశానని నన్ను నేనే మెచ్చుకున్నాను. స్నాప్‌షాట్ తీయలేకపోతున్నానని రోజూ మెయిల్ వస్తూనే ఉందని తర్వాత తెలిసింది. రోజూ వచ్చే "స్నాప్‌షాట్ తీశాను" మెయిళ్ళు విసుగనిపించి, స్నాప్‌షాట్ పేరున్న ప్రతి మెయిలూ ఒక మూల ఫోల్డర్‌లోకి పోయేట్టు అంతకుముందే నేను ఏర్పాటు చేసుకున్నాను.

వారం గడిచింది, ఇంకొన్ని రోజులూ గడిచాయి. ఒక సోమవారం మేష్టారు వచ్చారు. నా బల్ల మీద పూతరేకుల డబ్బా పెట్టి, తన సీట్లో కూర్చుని, లాప్‌టాప్ తెరిచి, కాసేపు చూసి, "అమ్మాయ్, పాట కనపడటం లేదేం?" అన్నారు.

"పాతదా మేష్టారూ? తీసేశాను. మీరొచ్చేలోపు అంతా నీట్‌గా చేసేద్దామని."

ఆయన కుర్చీ తిప్పి నా వైపు చూశారు. "పాత కాదు తల్లీ. పాట. జోలపాట, పెళ్ళిపాట, ఆ పాట! గొంతులు దాచే చోటని ఆ పేరు పెట్టాను."

"మరి స్పెల్లింగు..."

"త అయితే హెచ్ పెట్టనా? పక్కనే కొత్త అని రాశాను, చూడు. హెచ్ ఉందా లేదా? అంతెందుకు, నీ పేరులో లేదూ హెచ్?"

ఉంది. నా పేరు త తో ముగుస్తుంది. బడిలో, పాస్‌పోర్ట్‌లో, వీసా కాగితాల్లో, చివరికి కాఫీ కప్పు మీద కూడా ఆ హెచ్ వదలకుండా రాయించుకుంటూ ఇరవై నాలుగేళ్ళు తిరిగినదాన్ని నేను. "అయినా స్నాప్‌షాట్ ఉంది కదా" అన్నాను, పీలగా. "ఉన్నాయమ్మా, అన్నీ ఉన్నాయి. అన్నిటికీ అదే తాళం. బీరువాకీ, బీరువాలో వస్తువులకి తీసిన నకళ్ళకీ ఒకటే చెవి. దాన్ని కరిగించేశావు" అన్నారాయన. కోప్పడలేదు. కోప్పడితే బాగుండుననిపించింది. నిజం చెప్పాలంటే ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది ఆ పోయినవాళ్ళూ కాదు, వాళ్ళ పిల్లలూ కాదు. ఉద్యోగం పోతే దేశంలో ఉండనిచ్చే అరవై రోజులు గుర్తొచ్చాయి. ఇది రాయడానికి ఇప్పటికీ సిగ్గుగానే ఉంది.

ఒక్క ఆశ మిగిలింది. పెద్దన్న ఇంకా నడుస్తోంది. వాల్యూమ్ తగిలించినప్పుడు ఒకసారి తాళం తీసి లోపలికి వెళ్ళిన సర్వర్, బయటికి రానంతసేపూ లోపలే ఉంటుంది. చెవి కరిగిపోయినా తలుపు తెరిచే ఉంటుంది. ఏదీ ఆగకపోవడానికి కారణం అదే. ఒక్కసారి ఆగిందంటే మాత్రం తలుపు పడిపోతుంది, ఇక ఎవరి తరమూ కాదు. పడకముందే లోపలున్నవన్నీ ఇంకో వాల్యూమ్‌లోకి కాపీ చెయ్యాలి. అది ముసలి సర్వర్, తొందరపెడితే ఎక్కడ కుప్పకూలుతుందోనని కొద్దికొద్దిగా మొదలుపెట్టాం. కాలెండరమ్మ వెంటనే మీటింగ్ పెట్టి, ముఖ్యమైనవి ముందు తీయండి అంది. మేష్టారు ఆవిడ వైపు చూసి, "అందరూ పోయినవాళ్ళే. ఎవరు ముఖ్యమో మీరు చెప్పండి" అన్నారు. చివరికి ఆయన ఇంటిపేర్ల అక్షరక్రమంలోనే పోనిమ్మన్నారు. అన్నిటికంటే ముందు బయటపడింది, ప్రారంభోత్సవం నాడు పరీక్ష కోసం మేష్టారు స్వయంగా పాడి పెట్టిన జోలపాట. (అదొక్కదానికి మాత్రం నియమం లేదు కాబట్టి విన్నాం. తాళం వేసి ఉంచాల్సిన గొంతే.)

సోమవారం పోయింది, మంగళవారం పోయింది. ఆఫీసులో అందరూ చంటిపిల్ల నిద్రపోతున్న ఇంట్లో నడిచినట్టు నడిచారు, ఆ సర్వర్ ఎక్కడో వర్జీనియాలో ఉందని తెలిసి కూడా. బుధవారం మధ్యాహ్నానికి ఆర్ దాటి ఎస్‌లోకి వచ్చాం. మేష్టారు మొదటిసారి నవ్వి, డబ్బాలో పూతరేకు ఒకటి తీసి నా చేతిలో పెట్టారు. దాన్ని కొరుకుతూ గోడ గడియారం వైపు చూశాను. మూడు. నెలకోసారి, రెండో బుధవారం, మధ్యాహ్నం మూడింటికి పెద్దన్నని పూర్తిగా ఆపి, అప్‌డేట్లు ఎక్కించి, మళ్ళీ లేపే ఏర్పాటు ఉంది. అది రాసింది నేనే. ఎవరూ గుర్తు చేయనక్కర్లేకుండా దానంతట అదే ఠంచనుగా జరిగిపోతుందని అందరూ మెచ్చుకున్న నా మొదటి పని. పూతరేకు నోట్లో ఉండగానే కీబోర్డు మీద పడ్డాను. అప్పటికే స్క్రీన్ మీద పెద్దన్న పక్కన ఉండే పచ్చచుక్క బూడిదరంగుకి తిరిగింది. ఏనుగు వెళ్ళి తోక చిక్కిందంటారు. ఆ తోకలో ఎంతమంది మనుషులున్నారో మాకు తెలుసు, పేర్లతో సహా.

నన్ను తీసేయలేదు. పేరు పెట్టింది తనేనని, పక్కన ఒక్క ముక్క వివరం రాయకపోవడం తన తప్పేనని మేష్టారు కాలెండరమ్మ ముందు ఒప్పుకున్నారు. ఆవిడ అంతా విని, "ఫోన్లు మాత్రం నువ్వే చెయ్యాలి" అంది నాతో. చేశాను. కొందరు అరిచారు, కొందరు మాట్లాడకుండా పెట్టేశారు, ఒకాయన నన్నే ఓదార్చాడు, అది అన్నిటికంటే కష్టమైంది. డబ్ల్యూ దగ్గర ఒకావిడ ఉంది. వాళ్ళ నాన్న స్కూల్ బస్ డ్రైవర్‌గా చేసి రిటైరైన మనిషి. వినే ధైర్యం ఆ నెలలోనే వచ్చిందట, అడుగుదామనుకుంటోందట. నేను చెప్పిందంతా విని, "మీరు విన్నారా? ఏం చెప్పాడో ఒక్క ముక్కయినా?" అని అడిగింది. మా నియమం గురించి చెప్పాను. మీ భద్రత కోసమేనని కూడా అన్నాను, అలవాటుగా.  ఆవిడ, "నా ఫోన్‌లో ఆయన వాయిస్‌మెయిల్ ఒకటుంది. ఫోన్ పాతబడింది. అదైనా పోకుండా చెయ్యగలరా?" అంది.

శనివారం పొద్దున గంట దూరం డ్రైవ్ చేసుకుంటూ వాళ్ళింటికి వెళ్ళాను. ఎవరూ వెళ్ళమనలేదు. వంటింటి బల్ల దగ్గర కూర్చోబెట్టి, కాఫీ ఇచ్చి, ఆవిడే ప్లే చేసింది. ఇన్నాళ్ళూ నేను దాచిన మనుషుల్లో ఒకరి గొంతు వినడం అదే మొదటిసారి. "నేనే. వచ్చేటప్పుడు పాలు తీసుకురా. రెండు శాతం వెన్నవి. ఆ నీళ్ళపాలు తెచ్చావంటే నువ్వే తాగాలి." అంతే, కానీ పెట్టెయ్యడం మరిచిపోయాడు. గిన్నెల చప్పుడు, చెప్పుల చప్పుడు, ఆ వెనక సన్నగా, ఎవరూ వినడం లేదనుకునే మనిషి తనలో తను తీసుకుంటున్న కూనిరాగం. అది వింటూ ఏడ్చాను. ఆవిడ ఏడవలేదు, టిష్యూ డబ్బా నా వైపు జరిపింది.

ఆవిడ లాప్‌టాప్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో ఒకటి, కొత్త ఫోన్‌లో ఒకటి, మూడుచోట్ల కాపీ చేశాను. మూడూ తెరుచుకుంటున్నాయో లేదో రెండేసిసార్లు చూశాను. "తాళం వెయ్యమంటారా?" అని అడిగితే, "పాలు తెమ్మన్నదానికి తాళమెందుకమ్మా" అని మొదటిసారి నవ్వింది. ఫైలుకి ఏం పేరు పెట్టమంటారంటే, నీ ఇష్టమంది.

ఇప్పుడు నా కింద నలుగురు పనిచేస్తున్నారు. స్నాప్‌షాట్ ఉంది కదా అని వాళ్ళలో ఎవరైనా అంటే, "తెరిచి చూశావా?" అంటాను. మేడమ్‌కి చాదస్తం అనుకుంటారని తెలుసు. ఎక్కడైనా సంతకం పెట్టేటప్పుడు నా పేరు చివర ఆ హెచ్ దగ్గర చెయ్యి ఒక్క క్షణం ఆగుతుంది, అన్నీ తెలిసిన ఆ పిల్ల గుర్తొచ్చి కాస్త నవ్వూ వస్తుంది. ఆ శనివారం ఆ వంటింట్లో కూడా అలాగే ఆగి, ఒక్కొక్క అక్షరమే నొక్కాను. పి. రెండు ఏలు. టి. ఏ. "అంటే ఏమిటి?" అని ఆవిడ అడిగితే, మా భాషలో పాట అని చెప్పాను.